చేతిలో పైసా లేనప్పుడు దేవుణ్ణి నమ్మడం అంటే ఏం చేయాలి? పెద్దలు చెప్పండి

చండూరు చెల్లెలు:

అందరికీ వందనాలు. మాది నల్లగొండ జిల్లా, చండూరు దగ్గర ఒక పల్లె. పేరు, ఊరు రాయలేను, మా మందిరం వాళ్లు కూడా ఇక్కడ చదువుతుంటారు.

మేము నాలుగెకరాలు కౌలుకు పట్టి పత్తి పెట్టాం. పూత మంచిగానే వచ్చింది. తీరా కాయ పగిలే టైముకు వానలు పట్టుకున్నాయి. చెట్టు మీదున్న పత్తి చెట్టు మీదనే నల్లబడింది. కొన్ని కాయల్లోనైతే గింజ మొలకెత్తింది. ఒక కాయ ఒలిచి చూస్తే దూది మధ్యలో తెల్లటి మొలక, చేత్తో పట్టుకుంటే జిగురు జిగురుగా ఉంది. మిగిలిన దాంట్లో సగం గులాబీ పురుగు తిన్నది. ఏరించిన కూలి మాత్రం ఎప్పటిలాగే ఇవ్వాల్సి వచ్చింది. సర్కారు తరఫున పత్తి కొనే సీసీఐ సెంటరుకు తీసుకుపోతే తేమ 12 శాతం దాటింది, కొనం అన్నారు. ఆరబెడదామంటే మళ్లీ ముసురు. ఆఖరికి ఊళ్లోకి వచ్చిన దళారికే ఆయన చెప్పిన రేటుకు ఇచ్చేశాం. కౌలు పైసలు ముందే కట్టాం. రైతు భరోసా పట్టా ఉన్న ఆసామి ఖాతాలో పడుతుంది, మాకు రాదు.

పెట్టుబడికి తెచ్చింది లక్షన్నర, నూటికి మూడు రూపాయల మిత్తి. అంటే నెలకు నాలుగున్నర వేలు ఉత్త మిత్తికే పోతాయి, అసలు అట్లనే ఉంటుంది. మా ఆయన చౌటుప్పల్ వైపు కంపెనీలో లేబర్ పనికి పోతున్నాడు. నేను పని దొరికిన రోజు కూలికి పోతాను. మనిషికి ఆరు కిలోలు రేషన్ బియ్యం వస్తున్నాయి కాబట్టి అన్నానికి కరువు లేదు, దేవునికి స్తోత్రం. కానీ నూనె, పప్పు, గ్యాస్, కరెంటు బిల్లు, అత్తమ్మ బీపీ గోళీలు... పాప ఇంటర్ పాసైంది, నర్సింగ్ చదువుతానంటుంది. ఆ మాట ఎత్తినప్పుడల్లా నేను వేరే మాట మాట్లాడుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. మా మందిరంలో ఒక అక్క ఉంది, బాగా ప్రార్థన చేసే మనిషి. ఆమె "విశ్వాసులు అప్పు చేయడమంటే దేవుడు ఇవ్వలేడని చెప్పినట్టే" అన్నది. మొన్న మూడు రాత్రుల మీటింగులు పెట్టారు. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు "పదివేలు విత్తనంగా విత్తండి, నూరంతలు కోసుకుంటారు" అన్నారు. కవర్లు పంచారు. ముందు వరుసలో వాళ్లు ఒక్కొక్కరే లేస్తుంటే మా ఆయన కూడా లేవబోయాడు. నేను చేయి పట్టుకుని కూర్చోబెట్టాను. ఆ పదివేలు ఇవ్వాలంటే మళ్లీ ఆ మిత్తి ఆయన దగ్గరికే పోవాలి కదా. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. దేవుడు ఇవ్వాలనుకున్న దీవెనకు నేనే అడ్డం పడ్డానా?

మా పాస్టర్ గారికి ఏమీ చెప్పలేదు. "మీ ఇంట్లో ప్రార్థన తగ్గింది, అందుకే ఇట్లా అయింది" అంటారేమోనని భయం. పొద్దున నాలుగు గంటలకు లేచి ప్రార్థన చేస్తాను. "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అని చదువుతాను. చదివి లేచేసరికి లేమి అట్లనే ఉంటుంది. నమ్మడం అంటే ఎవరికీ చెప్పకుండా మోకాళ్ల మీద ఉండడమేనా? మళ్లీ అప్పు కోసం పోతే నమ్మకం పోయినట్టా? దశమభాగం ఇప్పుడు కూడా తీయాలా? తెలిసిన పెద్దలు చెప్పండి.

మిర్యాలగూడ తమ్ముడు:

అక్కా, వందనాలు. నేను రైస్ మిల్లులో హమాలీని. మాకు సీజన్ ఉంటేనే పని. వడ్లు రాని నెలల్లో మా ఇల్లు కూడా నువ్వు చెప్పినట్టే ఉంటుంది. ఒక ఏడు అమ్మకు ఆపరేషన్ పడింది, చేతిలో ఏమీ లేదు. నేను మా యూత్ అన్నలకు ఒక్క మాట చెప్పాను, అంతే. రెండు రోజుల్లో మందు ఖర్చు సమకూడింది. ఎవరెవరు ఎంత ఇచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు. ఫిలిప్పీయులకు 4:19, "కాగా దేవుడు తన ఐశ్వర్యము చొప్పున క్రీస్తుయేసునందు మహిమలో మీ ప్రతి అవసరమును తీర్చును." ఆ వాక్యం పట్టుకో అక్కా. పదివేల విత్తనం సంగతి నాకు తెలియదు, పెద్దలు చెప్పాలి. నీ కోసం, పాప చదువు కోసం ఈ రాత్రి ప్రార్థన చేస్తాను.

దేవరకొండ అన్న:

చెల్లెమ్మా, దశమభాగం మాత్రం మానకు. నాది ఆరెకరాల బత్తాయి తోట ఉండేది. బోర్లు ఎండిపోతే ట్యాంకర్లతో తడి పెట్టాం, అయినా తోట నిలవలేదు, నరికి కట్టెలకు అమ్మాం. ఆ కట్టెల పైసల్లో కూడా పదో వంతు తీసి ఇచ్చాను. మా ఇంట్లో పొయ్యి ఏనాడూ ఆరిపోలేదు. సారెపతు విధవరాలిని చూడు. తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె. అది వండుకుని తిని చావాలనుకున్న మనిషి ముందు ప్రవక్తకు రొట్టె చేసి ఇచ్చింది. ఆ తొట్టిలో పిండి తక్కువ కాలేదు. ముందు దేవునికి, తర్వాతే మనకు. అప్పుల వాళ్లు ఎప్పుడూ ఉంటారు, దేవుని భాగం దేవునిది. నిన్ను బాధపెట్టాలని కాదు, నా నమ్మకం ఇది, నేను బతికి చూసింది.

పాలమూరు టీచరమ్మ:

చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను మహబూబ్‌నగర్‌లో ఉంటాను, సర్కారు బడిలో పిల్లలకు చదువు చెప్పి రిటైర్ అయ్యాను. మా నాన్న మెన్నోనైట్ సంఘంలో పల్లె సువార్తికుడు. లేమి అంటే ఏమిటో, దానిలో దేవుణ్ణి నమ్మడం అంటే ఏమిటో నేను బైబిల్ చదవడం రాకముందే మా ఇంట్లో చూశాను. కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపికగా చదువు.

అన్నిటికన్నా ముందు ఒక మాట. నువ్వు మీ ఆయన చేయి పట్టుకుని ఆపడం తప్పు కాదు. దీవెనకు అడ్డం పడలేదు నువ్వు, ఇంటిని కాపాడావు. నీ దగ్గర లేని డబ్బు, మూడు రూపాయల మిత్తికి తెచ్చి ఇవ్వమని దేవుడు ఎక్కడా అడగలేదు. రెండో కొరింథీయులకు 8:12 తీసి చదువు. మనసు సిద్ధంగా ఉంటే చాలు, మనిషికి ఉన్నదాన్ని బట్టే ఇచ్చింది అంగీకారమవుతుంది, లేనిదాన్ని బట్టి కాదు అంటాడు పౌలు. మాసిదోనియ వాళ్లు శక్తికి మించి ఇచ్చారని అదే అధ్యాయంలో ఉంది, నిజమే. కానీ వాళ్లు తమంతట తాము ఇచ్చారు, అదీ యెరూషలేములో లేమిలో ఉన్న విశ్వాసుల కోసం ఇచ్చారు. స్టేజీ మీదున్న మనిషి కవరు పంచి వసూలు చేసింది కాదు.

ఇక నూరంతలు. ఆ ఉపమానం యేసు ప్రభువే విప్పి చెప్పాడు, విత్తువాడు వాక్యం విత్తుతున్నాడని. మార్కు 4లో ఉంది. అక్కడ విత్తనం దేవుని మాట. నోట్ల కట్ట అని ఎక్కడా లేదు. అప్పులో ఉన్న రైతు ముందు నిలబడి ఆ వాక్యాన్ని డబ్బుకు తిప్పేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. బీద విధవరాలి రెండు కాసుల గురించి అందరూ ప్రసంగిస్తారు. దానికి సరిగ్గా ముందు ప్రభువు చెప్పిన మాట కూడా చదవాలి. విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రుల గురించి జాగ్రత్తపడమన్నాడు.

దేవరకొండ అన్నా, మీ విశ్వాసాన్ని నేను తక్కువ చేయను. ఎండిన తోట కట్టెల్లోంచి కూడా పదో వంతు తీసిన మనిషికి దండం పెడతాను. కానీ సారెపతు కథ చివరిదాకా పోదాం. ఆ ప్రవక్త ఏలీయా కూడా ఆకలితోనే ఆ ఊరికి వచ్చాడు, ఆయనకు నీళ్లిచ్చిన వాగు ఎండిపోయింది. ఆ ఇంట్లోనే ఉన్నాడు. ఆమె, ఆమె ఇంటివాళ్లు, ఆయన, అందరూ అదే తొట్టిలో పిండి చాలా రోజులు తిన్నారు. ఇచ్చినదాన్ని తీసుకుని కారెక్కి పోలేదు. దశమభాగం విషయంలో అందరూ మలాకీ 3:10 చెబుతారు, మందిరంలో ఆహారం ఉండాలని అక్కడ రాసి ఉంది. ఆ ఆహారం ఎవరికి? ద్వితీయోపదేశకాండము 14 చివర చూడండి. మూడో ఏట దశమభాగం ఊళ్లోనే ఉంచాలి, లేవీయులు, పరదేశులు, తండ్రి లేని పిల్లలు, విధవరాండ్రు వచ్చి తిని తృప్తి పొందాలి. అంటే చెల్లీ, దశమభాగం నీలాంటి ఇళ్ల దగ్గర ఆగే ఏర్పాటు కూడా దేవుడే చేశాడు. నువ్వు ఇవ్వగలిగిన రోజు ఇవ్వు, పది రూపాయలైనా సంతోషంగా ఇవ్వు. ఇవ్వలేని రోజు తీసుకో. తీసుకోవడం కూడా విశ్వాసమే.

మా అమ్మ సంగతి చెబుతాను. మా ఇంట్లో పొయ్యి పక్కన గూట్లో ఒక మట్టి ముంత ఉండేది, మూతి మీద చిన్న గుడ్డ కట్టి ఉండేది. ఎసట్లోకి బియ్యం కొలిచాక అమ్మ అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ ముంతలో వేసేది. ఆమె వేళ్లు మూసుకోవడం, పిడికిలి సందుల్లోంచి జారిన గింజల్ని మళ్లీ చాటలోంచి ఏరి అదే ముంతలో వేయడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. మంచి బియ్యమైనా నూకలైనా పిడికెడు తప్పేది కాదు. ఆదివారం ఊళ్లోని విశ్వాసుల ఇళ్ల నుంచి ముంతలన్నీ వచ్చేవి. ఆరాధన అయ్యాక బల్ల దగ్గర మానికతో కొలిచి, ఆ వారం ఏ ఇంట్లో ఇబ్బంది ఉందో పెద్దలు అక్కడే మాట్లాడుకుని ఆ ఇంటికి పంపేవాళ్లు. కరువు ఏళ్లలో సగం ఊరు తాళాలు వేసి బొంబాయి, పూణె వైపు మట్టి పనులకు వలసపోయింది. ముంతలు తగ్గాయి. నాన్న జీతం నెలల తరబడి రాలేదు. అప్పుడు ఆ బియ్యం మా ఇంటికే వచ్చాయి. సువార్తికుడి ఇల్లు, ఊరికి బోధించే ఇల్లు! అయినా అమ్మ కొంగు పట్టి తీసుకుంది. "ఈ వారం మాకు" అని తనే చెప్పేది. ఎవరూ అడగకముందే చెప్పేది. పెట్టిన చేతికి పట్టడానికి సిగ్గెందుకు అనేది.

నాకు దేవుని మీద నమ్మకం అక్కడ పుట్టింది. దేవుడు తీరుస్తాడు, నూటికి నూరు పాళ్లు తీరుస్తాడు. ఎక్కువసార్లు పక్కింటి మనిషి చేత్తో తీరుస్తాడు. ఆ మనిషికి నీ ఇంటి సంగతి తెలియకపోతే ఎట్లా? మిర్యాలగూడ తమ్ముడు రాసిన వాక్యాన్నే చూడు, 4:19. దాని పైన 18లో ఏముంది? ఎపఫ్రొదితు చేత మీరు పంపినవి నాకు ముట్టాయి, నేనేమీ తక్కువ లేకుండా ఉన్నాను అంటాడు పౌలు. ఆయన జైల్లో ఉండి రాస్తున్నాడు. ఫిలిప్పీ వాళ్లకు ఆయన ఇబ్బంది తెలిసింది, మనిషిని పెట్టి పంపారు. ఆ తర్వాతే మీ ప్రతి అవసరం దేవుడు తీరుస్తాడనే మాట వచ్చింది. తమ్ముడి ఇంట్లో జరిగింది కూడా అదే, ఆయన యూత్ వాళ్లకు నోరు తెరిచి చెప్పాడు.

అప్పు చేస్తే అవిశ్వాసం అన్న అక్కకు రెండో రాజుల గ్రంథం 4వ అధ్యాయం చూపించు. ప్రవక్తల శిష్యుడి భార్య, భర్త చనిపోయాడు. అతడు దేవుడంటే భయభక్తులున్నవాడని అందులోనే రాసి ఉంది. అయినా ఇంటి మీద అప్పు ఉంది, అప్పిచ్చినవాడు ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఆమె ఎలీషా ప్రవక్త దగ్గరికి పోయి మొర పెట్టుకుంది. ఆయన "నీకు విశ్వాసం లేదు, అప్పెందుకు చేశారు" అనలేదు. నీ ఇంట్లో ఏముంది అని అడిగాడు. నూనె కుండ ఒకటే ఉందంది. ఇరుగుపొరుగు అందరి దగ్గరికీ పోయి ఖాళీ గిన్నెలు అడిగి తెచ్చుకో, తక్కువ తేవద్దు అన్నాడు. ఆలోచించు చెల్లీ. ఒక ఆడమనిషి ఇల్లిల్లూ తిరిగి ఖాళీ గిన్నెలు అడిగితే వాడకట్టు మొత్తానికీ ఆ ఇంటి సంగతి తెలియకుండా ఉంటుందా? అద్భుతం తలుపులు మూసుకున్నాకే జరిగింది. కానీ దానికి ముందు ఆమె గడప దాటి నలుగురినీ అడిగింది. తర్వాత కూడా చూడు, నూనె అమ్మి అప్పు తీర్చు, మిగిలిన దానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడు. అప్పు తీర్చడం దేవుని పనిలో భాగమే.

కొందరు జార్జ్ ముల్లర్ గారి పేరు చెబుతారు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో వేలమంది అనాథ పిల్లల్ని పెంచాడు, ఎవరినీ చేయి చాచి అడగలేదు, ప్రార్థన మాత్రమే చేశాడు అని. నిజమే. ఆయన బావ గ్రోవ్స్ గారితో కలిసి 1836లో వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ దొరలే నరసాపురం వైపు గోదావరి పల్లెల్లో పనిచేశారు, కాబట్టి ఆ విశ్వాసం మన తెలుగు నేలకూ తెలిసిందే. కానీ ముల్లర్ గారు వచ్చిన ప్రతి పైసాకూ లెక్క రాసి ఏటా అచ్చువేసేవాడు. అడగకూడదన్నది ఆయన తన సేవ కోసం పెట్టుకున్న నియమం. పిల్లల తల్లి తన కష్టాన్ని సంఘానికి చెప్పుకోకూడదని ఆయన ఎవరికీ చట్టం పెట్టలేదు.

మా నాన్న ఎక్కువగా చెప్పింది ఒంగోలులో పనిచేసిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర సంగతి. 1876-78 నాటి పెద్ద కరువులో జనం రాలిపోతుంటే ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు, కూలి ఇచ్చాడు. బాప్తిస్మం అడిగినవాళ్లకు కరువు పని నడిచినన్నాళ్లూ ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆపాడు. కరువు సాయం ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ ఏట్లో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. నాన్న ఆ అంకె చెప్పి ఊరుకునేవాడు కాదు. ముందు పార పట్టించి కూలి చేతిలో పెట్టాడు, అది మరిచిపోవద్దు అనేవాడు.

ప్రార్థన తగ్గింది కాబట్టి పంట పోయిందంటారని భయపడుతున్నావు. ఆ వాన నీ చేను ఒక్కటే చూసి కురిసిందా? నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా వాన కురిపించేది ఆయనే అని ప్రభువే చెప్పాడు. హబక్కూకు ఏమన్నాడు? "చేనిలోని పైరు పంటకు రాకపోయినను" అన్నాడు. దేవుణ్ణి నమ్మినవాడి చేనే అది. పంట పోయింది, ఆనందం మాత్రం పోనివ్వనన్నాడు. కాబట్టి నువ్వు కీర్తన చదివి లేచేసరికి లేమి అట్లనే ఉందంటే నీ కీర్తన అబద్ధం కాదు, నీ ప్రార్థన వృథా కాదు.

ఇవాళ రాత్రి ఇట్లా చెయ్యి. అప్పుల చిట్టా ఒక కాగితం మీద రాయి. ఎవరికి ఎంత, మిత్తి ఎంత, నెలకు వచ్చేది ఎంత. హిజ్కియా రాజు తనకు వచ్చిన బెదిరింపు ఉత్తరాన్ని మందిరానికి తీసుకుపోయి యెహోవా సన్నిధిలో విప్పి పరిచాడు. నువ్వూ, మీ ఆయనా ఆ కాగితం మంచం మీద పరిచి మోకాళ్లు వేయండి. తెల్లవారి అదే కాగితం మీ పాస్టర్ గారి దగ్గరికి, లేదా పాస్టరమ్మ దగ్గరికి తీసుకుపో. ఆడవాళ్లతో చెప్పడం నీకు తేలికైతే ఆమెతోనే మొదలుపెట్టు. నెహెమ్యా 5 తీసి చూపించు. కరువులో ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువ పెట్టామని జనం ఏడిస్తే ఆయన మిత్తి తీసుకునే పెద్దల్ని సభలో నిలబెట్టి అడిగాడు, తిరిగి ఇప్పించాడు. మీ సంఘం పెద్దలు ఇద్దరు మీ ఆయనతో కలిసి ఆ మిత్తి మనిషి ఇంటికి పోయి కూర్చుని మాట్లాడితే అది కూడా పరిచర్యే.

వీఓఏ, నల్లగొండ:

వందనాలు అక్కా. నేను వీఓఏను, అంటే ఊళ్లో మహిళా సంఘాల లెక్కలు రాసే మనిషిని. టీచరమ్మ గారు చెప్పాక వాక్యం గురించి నేను చెప్పేదేమీ లేదు, డబ్బు సంగతి చెబుతాను.

మీరు మహిళా సంఘంలో ఉన్నారా? ఉంటే మీ వీఓఏను కలిసి సంఘానికి బ్యాంకు ఇచ్చే లింకేజీ లోన్, మహిళా సంఘాలకు అప్పిచ్చే స్త్రీనిధి లోన్ రెండింటి గురించీ అడగండి. లేకపోతే బంగారం. కమ్మలైనా, చిన్న గొలుసైనా సర్కారు బ్యాంకులో పెడితే మిత్తి నూటికి రూపాయిలోపే పడుతుంది. బంగారం అప్పుల షాపులకు మాత్రం రేటు అడగకుండా పోకండి. లెక్క చూడండి: లక్షన్నరకు మూడు రూపాయల మిత్తి అంటే నెలకు 4,500. అదే అప్పును రూపాయి మిత్తికి మార్చుకుంటే 1,500. నెలకు మూడు వేలు మిగులుతాయి, అవి అసలుకు కట్టుకోవచ్చు. మొత్తం ఒకేసారి మారకపోయినా సగం మారినా మేలే. కొత్తగా ఖర్చుకు అప్పు తేవడం వేరు, పాత అప్పు బరువు తగ్గించుకోవడం వేరు.

ప్రామిసరీ నోటు రాసిచ్చారా? ఖాళీ నోటు మీద సంతకం పెట్టించుకుని ఉంటే ముందు అది నింపించి ఒక ఫోటో తీసుకోండి. కట్టిన ప్రతిసారీ నోటు వెనక జమ రాయించండి. చేతికి ఇవ్వకుండా ఫోన్‌పేలో పంపితే మీ దగ్గర రుజువు ఉంటుంది. మొత్తం తీర్చిన రోజు నోటు వెనక్కి తీసుకోకుండా లేవకండి. మా ఊళ్లలో ఈ ఒక్క విషయంలో ఎంతోమంది రెండుసార్లు కట్టారు.

పాప విషయం ఆలస్యం చేయకండి. నర్సింగ్‌లో కన్వీనర్ కోటా సీటుకు కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ ఇస్తుంది. ఆదాయం సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్ మీసేవలో ఇప్పుడే పెట్టండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఈపాస్ అనే సర్కారు వెబ్‌సైట్‌లో అప్లై చేయాలి. కొందరు క్రైస్తవులు ఏ సర్టిఫికెట్ పెట్టాలో తెలియక చివరి రోజుదాకా ఆగుతారు. తహసీల్ ఆఫీసులో ముందే అడిగి తెలుసుకోండి.

చండూరు చెల్లెలు:

అందరికీ వందనాలు. వెంటనే రాయలేకపోయాను, పత్తి కట్టె పీకే పని ఉండింది.

టీచరమ్మా, కాగితం రాశాం. రాయకముందు లక్షన్నర అనే అనుకున్నాం. కిరాణం ఉద్దెర, ఎరువుల షాపు బాకీ, అత్తమ్మ దవాఖాన కలిపితే లక్షా ఎనభై ఐదు వేలు అయింది. చూసి నాకు భయమేసింది. మా ఆయన మాత్రం "ఇక ఇంతే, ఇంతకంటే లేదు" అన్నాడు. ఆ రాత్రి ఆయన కూడా నోరు తెరిచి ప్రార్థన చేశాడు. ఎప్పుడూ నేను చేస్తే ఆమేన్ అనే మనిషి.

పాస్టరమ్మ దగ్గరికి పోయాను. నేను భయపడ్డ మాట ఆమె అనలేదు. "ఇన్ని నెలలు ఎట్లా మోశావు" అని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. పాస్టర్ గారు, ఇంకో పెద్దమనిషి మా ఆయనతో కలిసి మిత్తి ఆయన ఇంటికి పోయారు. మూడు రూపాయలు తగ్గించనని గట్టిగానే కూర్చున్నాడు. ఆఖరికి యాభై వేలు ఒకేసారి కడితే మిగతా లక్ష రెండు రూపాయలకు చూస్తానన్నాడు, కట్టిన మిత్తి కూడా నోటు వెనక రాశాడు. ఆ యాభై వేలు ఎట్లా అన్నదే ఇప్పుడు ప్రశ్న. మహిళా సంఘంలో నేను ఉన్నాను, పాత లోన్ కట్టడం పూర్తి కావస్తుంది. వీఓఏ అక్కా, పాతది తీరకముందే కొత్తది అడగొచ్చా?

దేవరకొండ అన్నా, మీ మాట నా మనసులో ఉంది. ఈ ఆదివారం ఇరవై రూపాయలు వేశాను. అది పదో వంతు కాదు, అయినా మనస్ఫూర్తిగా వేశాను.

వీఓఏ, నల్లగొండ:

కిస్తీలు తప్పకుండా కట్టి ఉంటే అడగొచ్చు అక్కా. మీ గ్రూపు తీర్మానం రాయాలి, మిగతా సభ్యులు ఒప్పుకోవాలి. నెల మీటింగులో మీ పరిస్థితి ఉన్నదున్నట్టు చెప్పండి, ఎవరికో కాకుండా మీకే ముందు ఇవ్వమని అడగండి. పాస్‌బుక్కు, ఆధార్ వెంట పెట్టుకోండి.

దేవరకొండ అన్న:

చెల్లెమ్మా, దశమభాగం మీద నా మాట నేను మార్చుకోను, టీచరమ్మ చూపించిన ద్వితీయోపదేశకాండము మాత్రం మా ఇంటామెతో కలిసి చదివాను. ఈ నెల మా పదో వంతు నీలాంటి ఇంటికి పోవాలని ఇద్దరం అనుకున్నాం. నీ పేరు నాకు వద్దు, ఊరు వద్దు. మీ పాస్టరమ్మ గారి ఫోన్‌పే నంబరు నాకు మెసేజ్‌లో పంపు. పాప అప్లికేషన్ ఫీజు, సర్టిఫికెట్ల ఖర్చు వరకు వస్తుంది. మీసేవకు సోమవారమే పొండి, కరెంటు పోతే సర్వర్ రాదు, పొద్దున్నే పొండి.